పడుగూ పేకా లేని గుడ్డ: సమకాలీన ఫెల్టు కళ – ఒక పరిశీలన

ప్రవేశిక

చిత్రాన్ని, శిల్పాన్ని ఎలా చూడాలో, చూసినదాన్ని ఎలా రాయాలో వెనుకటి పాఠాలలో తెలుసుకున్నారు. ఈ పాఠంలో ఫెల్టుతో చేసిన కళను తీసుకుంటున్నాం. ఫెల్టు చేత్తో పట్టుకుంటే తప్ప పూర్తిగా తెలియని పదార్థం. ప్రదర్శనశాలలో మాత్రం దాన్ని ముట్టుకోనివ్వరు. పైగా పేరుపడ్డ ఫెల్టు ప్రదర్శనలు చాలావరకు మనకు సముద్రాల అవతల జరిగాయి. మాకవరపాలెంలోనో నర్సీపట్నంలోనో కూర్చుని ఈ పుస్తకం చదువుతున్న మీకు అవి ఫొటోలుగానే అందుతాయి. ఈ పాఠం రాస్తున్న నాకూ అలాగే అందాయి. న్యూయార్క్ వెళ్ళి గదులన్నీ తిరిగి వచ్చినట్టు రాయడం పెద్ద కష్టమేమీ కాదు. అలా రాసిన సమీక్షలు మనకు కొత్త కూడా కాదు. ఇక్కడ ఆ పని చేయడం లేదు. చదివే మీరూ రాసే నేనూ ఒకే దూరంలో నిలబడి ఉన్నాం. అక్కడినుంచి ఏం చెప్పగలమో, ఏం చెప్పకూడదో చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఉన్నిని ఎరిగిన చెయ్యి ఉన్నవారు ఫెల్టు కళ గురించి ధైర్యంగా మాట్లాడవచ్చు. మన పల్లెల విద్యార్థులలో చాలామందికి ఆ చెయ్యి ఉంది. ఏటికొప్పాక ఇక్కడికి దగ్గరే. లక్క బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, నునుపు ఎక్కడ కుదిరిందో, పట్టు ఎక్కడ తప్పిందో చెప్పేవాళ్ళు ఈ ప్రాంతంలో ఊరికి నలుగురైనా ఉంటారు. వారెవరూ తమను విమర్శకులు అనుకోరు. కాని వారు చేసేది విమర్శే. ఉన్ని విషయంలోనూ అంతే. అయితే ఆ చేతి అనుభవం కొన్నిచోట్ల మనల్ని తప్పుదారి పట్టిస్తుంది కూడా. ఆ సంగతి నాకు ఎక్కడ తెలిసివచ్చిందో పాఠంలో చెబుతాను.

ఫెల్టు అంటే ఏమిటి?

మామూలు గుడ్డకు పడుగు, పేక ఉంటాయి. నిలువు పోగుల మధ్యనుంచి అడ్డపోగులు పైకీ కిందికీ వెళుతుంటే గుడ్డ తయారవుతుంది. ఫెల్టులో అసలు పోగే ఉండదు. దువ్విన ఉన్నిని పలచని పొరలుగా, ఒక పొర నిలువుగా, దానిమీద మరో పొర అడ్డంగా పరుస్తారు. వేడినీళ్ళు, సబ్బు చల్లి రుద్దుతారు. చాపలో చుట్టి, కట్టి, అటూ ఇటూ దొర్లిస్తారు. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి అతి సన్నని పొలుసులు ఉంటాయి. తడి, వేడి, రాపిడి తగిలినప్పుడు వెంట్రుకలు కదిలి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ఆ పొలుసుల వల్ల మళ్ళీ వెనక్కి రాలేవు. దువ్వకుండా వదిలేసిన జుట్టు జడలు కట్టడం మీరు చూసే ఉంటారు. జడలు కట్టడాన్నే ఒక పనితనంగా మార్చితే ఫెల్టు.

దీనివల్ల ఫెల్టుకు రెండు గుణాలు వస్తాయి. ఒకసారి ముద్దకట్టిన ఉన్నిని మళ్ళీ విడదీయలేం. కత్తెరతో ఎక్కడ కోసినా అంచు ఊడిరాదు, ఊడడానికి పోగులే లేవు కనుక. ముందు ముందు చూడబోయే పనులన్నిటికీ ఈ రెండే మూలం.

ఫెల్టు మీరు ఎరగని వస్తువేమీ కాదు. హార్మోనియం మెట్ల కింద చప్పుడు కాకుండా అంటించే మెత్తని పట్టీ ఫెల్టే. పియానోలో తీగను కొట్టే సుత్తికి చుట్టేదీ ఫెల్టే. ఊరి బయట మైదానంలో క్రికెట్ ఆడే టెన్నిస్ బంతి మీది పచ్చని నూగు కూడా ఈ కుటుంబానిదే. ఆ బంతి మడుగులో పడ్డాక ఎంత బరువెక్కుతుందో, వారంపాటు గట్టి నేలమీద ఆడాక ఎలా బోడి అవుతుందో తెలిసినవారికి ఈ పాఠంలో కొంత భాగం ముందే తెలుసు.

మన దేశంలో కాశ్మీరులో, రాజస్థాన్‌లోని టోంక్‌లో, గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో నమ్దా అనే పేరుతో ఫెల్టు పరుపులు, తివాచీలు చేస్తారు. తెలుగు నేల మీద ఉన్నికి పేరు తెచ్చింది మాత్రం గొంగళి.

తాత గొంగళి

గొంగళి ఫెల్టు కాదు, నేసిన గుడ్డ. ఈ తేడాను మొదటే గుర్తుపెట్టుకోవాలి. దక్కను పీఠభూమి నల్ల గొర్రెల ఉన్నిని కత్తిరించి, ఏకి, రాట్నం మీద వడుకుతారు. వడికేది ఎక్కువగా ఆడవాళ్ళు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేస్తారు. తెలంగాణలో గొంగడి అంటారు, అక్కడ కురుమల చేతిపని అది. కొత్త గొంగళి అట్టలా బిరుసుగా ఉంటుంది. ఒంటికి గుచ్చుకుంటుంది.

పాత గొంగళి సంగతి వేరు. మా తాతది మాకవరపాలెం. వానాకాలంలో గొంగళిని ఒక మూల మడిచి తలమీద వేసుకుని పొలానికి వెళ్ళేవాడు. పుష్యమాసంలో కళ్లం కావలికి అదే పక్క, అదే దుప్పటి. ఎన్నో ఏళ్ళు తడిసి, ఎండి, భుజం మీద రాసుకుని, ఒంటి కింద నలిగి ఆ గొంగళిలో సందులు పూడుకుపోయాయి. వెలుతురుకు పట్టి చూసినా పడుగేదో పేకేదో తెలిసేది కాదు. ఫెల్టు పనివారు చాపలో చుట్టి దొర్లించి చేసే పనిని మా తాత ఒళ్ళు తనకు తెలియకుండానే ఏళ్ళ తరబడి చేసింది. నేతతో మొదలైన గుడ్డ సగం ఫెల్టుగా మారింది.

ఇంట్లో దాన్ని చిలక్కొయ్యకు తగిలించేవారు. పక్క కొయ్యకు పంచె వేలాడేది. పంచె గోడకు అతుక్కుని నిలువుగా జారేది. గొంగళి గోడకు ఎడంగా నిలబడేది. దాని మడతలు లావుగా, లోపల చెయ్యి పట్టేంత ఖాళీతో ఉండేవి. వానలో తడిసి వచ్చిన రోజు మడతలు కిందికి సాగి, కొయ్య వంగినట్టు కనిపించేది. ఈ గోడ బొమ్మ మనసులో పెట్టుకుని ముందుకు రండి.

రాబర్ట్ మోరిస్: పడిన తీరే రూపం

అమెరికన్ శిల్పి రాబర్ట్ మోరిస్ 1967 వేసవిలో కొలరాడో రాష్ట్రంలోని ఆస్పెన్‌లో ఉండగా ఫెల్టుతో పని మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన చేసినవి ప్లైవుడ్ పెట్టెల వంటి గట్టి రూపాలు. ఫెల్టు దగ్గరికి వచ్చాక కర్మాగారంలో తయారైన మందపాటి ఫెల్టు పలకలను తెచ్చి, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గాట్లు పెట్టి, గోడకు తగిలించి వదిలేశారు. కొన్నిటిని నేలమీద కుప్పగా పడనిచ్చారు. 1968 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని లియో కాస్టెలి గ్యాలరీలో వాటిని ప్రదర్శించారు. అదే నెల ఆర్ట్‌ఫోరమ్ పత్రికలో ‘యాంటీ ఫార్మ్’ అనే వ్యాసం రాశారు. రూపాన్ని ముందే నిర్ణయించి దాన్ని పదార్థం మీద రుద్దకూడదు, పదార్థం తన బరువుతో, భూమి ఆకర్షణతో ఎలా పడుతుందో ఆ పడడంలోనే రూపం ఉంది అన్నది ఆ వ్యాసం సారాంశం.

మొదటిసారి ఫొటో చూసినప్పుడు నాకు దర్జీ కొట్టులో మిగిలిన పీలికలు గుర్తొచ్చాయి. ‘ఇదీ కళేనా’ అనే ప్రశ్న మీకూ వస్తుంది. రానివ్వండి, దాన్ని అణచుకోవలసిన పని లేదు. నాకు సమాధానం దొరికింది మా తాత చిలక్కొయ్య దగ్గర. మోరిస్ పెట్టిన గాటు తిన్నని గీత. గోడకు తగిలించగానే ఆ గీత వంపుగా తెరుచుకుంటుంది. పలచని నూలుగుడ్డకు అదే గాటు పెడితే పీలికలు సన్నగా వేలాడి ఊరుకుంటాయి. ఫెల్టు మందం వల్ల ఒక్కో పట్టీ తన బరువును తానే మోస్తూ, పక్కదాన్ని నెట్టుతూ, గోడకు ఎడంగా వస్తుంది. అంచు ఊడదు కనుక ఎంత పెద్ద గాటైనా చివరిదాకా శుభ్రంగా నిలుస్తుంది. గీత మనిషిది, వంపు ఉన్నిది. ఈ రెండింటి మధ్య బేరం ఎంత స్పష్టంగా కనిపిస్తే ఆ పని అంత బాగా కుదిరినట్టు. మోరిస్ మంచి పనుల్లో అది కనిపిస్తుంది. గాట్లు మరీ ఎక్కువైపోయి, అంతా చిక్కుముడిలా నేలమీద పోగుపడిన పనుల్లో నాకు కనిపించలేదు. అక్కడ గీతా మిగలలేదు, వంపూ మిగలలేదు.

ఇక్కడే దూరం నుంచి చూసేవారికి ఒక హెచ్చరిక. ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అంటాం, ఏ కదలికా లేని పని గురించి. మోరిస్ ఫెల్టు దగ్గర ఈ సామెత తిరగబడుతుంది. ఒకచోట నుంచి తీసి మరోచోట తగిలించిన ప్రతిసారీ మడతలు వేరుగా పడతాయి. మనం చూసే ఫొటో వాటిలో ఒక్క పడడాన్ని మాత్రమే చూపిస్తుంది. కాబట్టి ‘ఎడమవైపు మడత కుడివైపు మడతతో సమతూకంలో ఉంది’ అనే రకం వాక్యాలు ఈ పని గురించి రాయకండి. వచ్చే ప్రదర్శనలో ఆ మడత ఉండకపోవచ్చు.

చెయ్యి తప్పుదారి పట్టించిన సంగతి చెబుతానన్నాను. గొంగళి అలవాటుతో నేను మోరిస్ పనుల్లో వెచ్చదనం కోసం, వాడుక గుర్తుల కోసం చాలాసేపు వెతికాను. అవి కనిపించక ‘నిర్జీవంగా ఉన్నాయి’ అని మొదటి చిత్తుప్రతిలో రాశాను కూడా. అది అన్యాయం. ఆ ఫెల్టును ఎవరూ కప్పుకోలేదు, కప్పుకోవాలని ఆయన చేయనూ లేదు. బరువు గురించి చేసిన పనిని వెచ్చదనం లేదని తప్పుపట్టడం నా పొరపాటు. ఆ మాట కొట్టేశాను.

జోసెఫ్ బాయిస్: కథ, సూటు, చిమ్మెట

వెచ్చదనం గురించే పనిచేసిన కళాకారుడు జర్మనీకి చెందిన జోసెఫ్ బాయిస్. ఆయన ఫెల్టు వెనుక ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బాయిస్ జర్మన్ వైమానిక దళంలో పనిచేశారు. 1944 మార్చి 16న క్రిమియాలో ఆయన ఉన్న విమానం కూలిపోయింది. మంచులో పడివున్న తనను తాతార్ సంచార జాతివారు చేరదీసి, ఒంటికి కొవ్వు రాసి, ఫెల్టులో చుట్టి బతికించారని ఆయన చెప్పేవారు. అయితే జర్మన్ గాలింపు బృందమే ఆయనను కనుగొన్నదనీ, మర్నాటికే సైనిక ఆసుపత్రిలో చేర్చారనీ రికార్డులు చెబుతున్నాయి. తాతార్ల కథ నిలబడలేదు.

కథ కల్పన అని తేలితే పని విలువ తగ్గుతుందా? విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న ఇది. దీనికి ఒక పద్ధతి చెబుతాను. కథను పూర్తిగా పక్కన పెట్టండి. వస్తువును మాత్రమే చూడండి. ఏం మిగిలిందో లెక్క వేయండి.

1970లో బాయిస్ ‘ఫెల్టు సూటు’ చేశారు. తన సొంత సూటు కొలతలతో, చేతులూ కాళ్ళూ కొంచెం పొడుగు పెంచి, బూడిదరంగు ఫెల్టుతో కుట్టించిన కోటు, ప్యాంటు. హ్యాంగరుకు తగిలించి గోడమీద చూపిస్తారు. ఇలాంటివి 100 ప్రతులు చేశారు. కథ తీసేసి చూసినా ఈ సూటులో కొంత బలం ఉంది. గొంగళి వట్టి నలుచదరపు గుడ్డ. ఎవరు కప్పుకుంటే వారి ఆకారం దానికి వస్తుంది. విప్పి పెడితే ఆకారం పోతుంది. ఈ సూటు మనిషి లేకుండానే మనిషి ఆకారంలో ఉంది. వెచ్చగా ఉంచడానికి సిద్ధంగా ఉంది, లోపల ఎవరూ లేరు. అంతవరకు నాకు నచ్చింది. కాని దాని ముందు నిలబడినవారు సగం సేపు సూటును కాక బాయిస్ అనే మనిషిని చూస్తున్నారని కూడా అనిపిస్తుంది.

నా మటుకు ఆయన ఫెల్టు పనుల్లో ఇంతకంటే మేలైనది 1966 నాటి పియానో. ఒక పెద్ద పియానోను మొత్తంగా బూడిదరంగు ఫెల్టుతో కప్పి కుట్టేసి, పక్కన ఎర్రని శిలువ గుర్తు అతికించారు. ఇప్పుడు అది పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో ఉంది. ఫెల్టు చప్పుడును మింగేస్తుందని హార్మోనియం విప్పి చూసిన ఎవరికైనా తెలుసు. వాద్యం లోపల తీగకు మెత్తగా తగలడానికి వాడే పదార్థాన్నే బయటికి తెచ్చి, వాద్యం గొంతు మీద కప్పారు. స్వరం లోపల ఉంది, బయటికి రాదు. దీన్ని గ్రహించడానికి విమాన ప్రమాదం కథ అక్కరలేదు, రచయిత జీవితచరిత్ర అక్కరలేదు. పదార్థం గుణమే పని అర్థంగా మారింది.

సూటు దగ్గరికి మళ్ళీ వద్దాం, దానికి జరిగింది తెలుసుకోదగ్గది. లండన్‌లోని టేట్ 1981లో ఒక ప్రతిని సేకరించింది. 1989లో దానికి చిమ్మెటలు పట్టినట్టు కనిపెట్టారు. నష్టం బాగుచేయలేనంతగా ఉండడంతో 1995లో దాన్ని సేకరణ జాబితా నుంచి తొలగించారు. ప్రపంచంలోని గొప్ప మ్యూజియాలలో ఒకటి ఒక ఉన్ని బట్టను పురుగు నుంచి కాపాడలేకపోయింది! మన ఇళ్ళలో ట్రంకుపెట్టెలో గొంగళి మడతల మధ్య వేపాకు పెట్టే ముసలమ్మలు నవ్వుకునే సంగతి. అయితే ఈ నవ్వును కొంచెం ఆపి ఆలోచించాలి. సూటును హ్యాంగరుకు తగిలించుకోవచ్చు, తొడుక్కోవచ్చు, పెట్టెలో పడేయవచ్చు, ఏదైనా సరే అన్న ధోరణిలోనే బాయిస్ మాట్లాడారు. చిమ్మెట తినడం ఉన్ని జీవితంలో భాగమే. అలాంటప్పుడు పాడైంది కళాఖండమా, లేక కళాఖండం ఎప్పటికీ మారకూడదన్న మ్యూజియం నియమమా? నేనైతే ఆ చిల్లుల సూటును చిల్లులతోనే గోడకు తగిలించి ఉంచేవాణ్ణి. మీరు ఒప్పుకోనక్కరలేదు.

పోల్చి చూడడానికి ఇంకో ఫెల్టు. సైబీరియా ఆల్తాయ్ పర్వతాలలోని పజిరిక్ సమాధులలో, లోపలికి దిగిన నీరు గడ్డకట్టి మంచుగా నిలిచిపోయింది. సోవియట్ పురావస్తు శాస్త్రవేత్త సెర్గేయ్ రుదెంకో 1940ల చివర తవ్వకాలు జరిపినప్పుడు అయిదో సమాధిలో గుర్రపు రౌతు, అతని ఎదుట కూర్చున్న దేవత వరసగా కనిపించే పెద్ద ఫెల్టు తెర బయటపడింది. ఫెల్టుతో కుట్టి లోపల కూరిన హంస బొమ్మలు కూడా దొరికాయి. అవి దాదాపు 2300 ఏళ్ళ నాటివి. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్‌లో ఉన్నాయి. రంగులు ఇంకా ఉన్నాయి. మంచు కాపాడింది.

‘సమకాలీన’ అనే మాట

ఫెల్టు మీద జరిగిన రెండు ప్రదర్శనల పేర్లు చూడండి. 1979లో ఇంగ్లండ్‌లోని కెండల్ పట్టణంలో అబట్ హాల్ గ్యాలరీ డైరెక్టర్ మేరీ బర్కెట్ ‘ది ఆర్ట్ ఆఫ్ ది ఫెల్ట్ మేకర్’ పేరుతో ప్రదర్శన పెట్టారు. ఫెల్టు చేసే మనిషి కళ అని అర్థం. ఆ ప్రదర్శన రేపిన ఆసక్తి తర్వాత 1984లో బ్రిటన్‌లో ఫెల్టు చేసేవారి సంఘం ఏర్పడేదాకా వెళ్ళింది. 2009లో న్యూయార్క్‌లోని కూపర్-హ్యూవిట్ డిజైన్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శన పేరు ‘ఫ్యాషనింగ్ ఫెల్ట్’. ఫెల్టును తీర్చిదిద్దడం. మొదటి పేరులో మనిషి ఉన్నాడు. రెండో పేరులో పదార్థం, దానితో చేయగల కొత్త పనులు ఉన్నాయి. ఇల్లు, దుస్తులు, కుర్చీలు, గోడలు అన్నిటికీ ఫెల్టు ఎలా పనికొస్తుందో ఆ ప్రదర్శన చూపింది.

అందులో అందరూ మెచ్చుకున్నది జానిస్ ఆర్నల్డ్ చేసిన ‘ప్యాలెస్ యర్ట్’. యర్ట్ అంటే మధ్య ఆసియా సంచార జాతుల ఫెల్టు గుడారం. ఒకప్పుడు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ నివాసమైన ఆ భవనంలో మొక్కల కోసం కట్టిన అద్దాల గది ఉంది. ఆర్నల్డ్ ఆ గది లోపలంతా పలచని చేతి ఫెల్టుతో గుడారంలా అలంకరించారు. అద్దాల గుండా ఎండ ఫెల్టులోంచి వడకట్టినట్టు లోపలికి వస్తుంది. ఫొటోలు ఎంతో అందంగా ఉన్నాయి. ఫెల్టును అంత పలచగా, ఎక్కడా చిరగకుండా, అంత వెడల్పున చేయడం తేలికైన పని కాదు. ఆ పనితనానికి నమస్కారం. కాని గాలినీ మంచునూ అడ్డుకోవడానికి పుట్టిన గోడను ఇక్కడ వెలుతురు రావడానికి తెరగా మార్చారు. గుడారం అసలు అవసరం మాయమై దాని అలంకారం మిగిలింది. నాకు ఈ పని పెళ్ళి పందిరిలా అనిపించింది. పందిరిలో తప్పేమీ లేదు, కాని దాన్ని ఇల్లు అనుకోం.

నాకున్న పెద్ద అభ్యంతరం ఈ ఒక్క పని గురించి కాదు. ఫెల్టు గురించి రాసే పుస్తకాలలో, ప్రదర్శన పత్రాలలో ఒక వరస అలవాటైపోయింది. మొదట సంచార జాతుల ఫెల్టు, దానికి ‘చరిత్ర’ అని పేరు. తర్వాత పేరున్న కళాకారుల ఫెల్టు, దానికి ‘సమకాలీనం’ అని పేరు. కాని కిర్గిజ్‌స్తాన్‌లో ఈరోజు తన ఇంటి ముందు కూర్చుని షిర్దాక్ కుడుతున్న స్త్రీ ఎవరి కాలంలో బతుకుతున్నట్టు? ఆమె వయసు బహుశా ఆర్నల్డ్ వయసే. కాలం ఒకటే అయినప్పుడు ఒకరిని చరిత్ర గదిలోనూ మరొకరిని సమకాలీన గదిలోనూ పెట్టడానికి ఆధారం ఏమిటి?

షిర్దాక్ ఎలా చేస్తారో తెలిస్తే ఈ ప్రశ్న ఇంకా గట్టిపడుతుంది. రెండు రంగుల ఫెల్టు పలకలను ఒకదానిమీద ఒకటి వేసి, డిజైను గీసి, రెంటినీ కలిపి కోస్తారు. ఎర్రదానిలోంచి కోసిన ముక్కను నల్లదానిలోనూ, నల్లదానిలోంచి కోసినదాన్ని ఎర్రదానిలోనూ అమర్చి కుడతారు. ఒకే కోతతో రెండు తివాచీలు వస్తాయి. ఒకదానిలో బొమ్మ అయినది మరోదానిలో నేల అవుతుంది. ముక్క వృథా కాదు. అంచు ఊడని గుడ్డ కావడం వల్లనే ఇది సాధ్యం. ఎక్కువగా కనిపించే డిజైను గొర్రెపోతు కొమ్ము. ఏ జీవి ఉన్నితో చేశారో దాని కొమ్మే దానిమీద వంపు తిరుగుతుంది. బొమ్మ ఏది, నేల ఏది అన్న ప్రశ్నను ఆధునిక చిత్రకారులు ఎన్నో సిద్ధాంతాలతో చర్చించారు. షిర్దాక్ దాన్ని కత్తితో తేల్చేసింది. ఈ పాఠంలో ప్రస్తావించిన పనులన్నిటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను షిర్దాక్‌నే ఎంచుకుంటాను. 2012లో యునెస్కో దీన్నీ, మరో ఫెల్టు తివాచీ అయిన అలా-కియిజ్‌నూ తక్షణ సంరక్షణ కావలసిన వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే ఇది కనుమరుగయ్యే ప్రమాదంలో ఉంది. చేసేవారు ఇంకా బతికే ఉన్నారు.

మన ఉన్ని, మన మాట

ఇక మన సంగతి. ఇప్పటి ఫెల్టు కళాకారులలో చాలామందికి ఇష్టమైనది మెరినో ఉన్ని. సన్నగా, తెల్లగా, మెత్తగా ఉంటుంది. రంగు బాగా పడుతుంది, తొందరగా ముద్దకడుతుంది. దక్కనీ ఉన్ని దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముతక, నలుపు, వెంట్రుక వంటి పోగు. ముద్దకట్టడానికి చాలా శ్రమ కావాలి. బయటినుంచి మెత్తని ఉన్ని దిగుమతి అవుతున్నకొద్దీ దీనికి గిరాకీ పడిపోయింది. కత్తిరించిన కూలి కూడా గిట్టక కాపరులు ఉన్నిని పారబోస్తున్న చోట్లు ఉన్నాయి. మాంసం కోసం నెల్లూరు జాతితో సంకరం చేయడంతో ఉన్ని ఇచ్చే నల్ల గొర్రెలే తగ్గిపోతున్నాయి.

దీనితో కళావిమర్శకు ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఫెల్టు గురించి రాసేటప్పుడు మనం మెచ్చుకోలుకు వాడే మాటలు చూడండి: మెత్తదనం, సుకుమారం, పలచదనం, లేతరంగు. ఇవన్నీ మెరినో గుణాలు. ఈ మాటలనే కొలబద్దగా తీసుకుంటే దక్కనీ ఉన్నితో చేసిన ఏ పనైనా పోటీకి ముందే ఓడిపోతుంది. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అనే సామెత సరిగ్గా ఇలాంటి విమర్శ కోసమే పుట్టినట్టుంది. ముతకదనం ఆ ఉన్ని తప్పు కాదు, దాని స్వభావం. ఆ స్వభావాన్ని పనిలో ఎలా వాడుకున్నారన్నదే విమర్శకుడు చూడాలి. దానికి వేరే మాటలు కావాలి: బిరుసు, దిట్టం, బరువు, రాపు, మొరటు. ఇవన్నీ తెలుగులో ఉన్నాయి. వాటిని తిట్లుగా కాకుండా వర్ణనలుగా వాడడం మనం నేర్చుకోవాలి.

ఈ ఉన్నితో కొత్త ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాదులో ఎర్తెన్ ట్యూన్స్ అనే సంస్థ గొంగడి గుడ్డతో రైతులకు పనికొచ్చే పాదరక్షలు తయారుచేసింది. సురేష్ ఎరియాట్ దర్శకత్వంలో వచ్చిన ‘దేశీ ఊన్’ అనే చిన్న చిత్రం దక్కనీ ఉన్నితోనే గొర్రెలను, మనుషులను, నేలను తయారుచేసి స్టాప్ మోషన్ పద్ధతిలో తీసింది. 2025లో ఫ్రాన్స్‌లోని ఆన్సీ యానిమేషన్ ఉత్సవంలో దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. ఆ సినిమాలో ఉన్ని ముతకదనాన్ని ఎక్కడా దాచలేదు. కాని చెప్పవలసిన సందేశం ముందే సిద్ధంగా ఉన్న చిత్రం అది. ఉన్ని ఆ సందేశానికి ఎంతో చక్కగా సేవ చేసింది. మోరిస్ ఫెల్టులో లాగా ఉన్ని ఎదురు తిరిగి తన మాట తాను చెప్పే పని దక్కనీ ఉన్నితో ఇంకా రావాలి. అది రాజధానుల్లోని స్టూడియోలోనే పుడుతుందనేమీ లేదు.

మా తాత గొంగళి ఇప్పుడు లేదు. ఆయన పోయాక ఎవరో పశువుల పాకలో పరిచారు. తర్వాత ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి నేను కళాచరిత్ర చదువుతున్నాను.

అభ్యాసం

మీ ఇంట్లోగాని, తెలిసినవారి ఇంట్లోగాని పాత గొంగళి, కంబళి, నమ్దా ఏదైనా ఉంటే అడిగి తీసుకోండి. దొరకకపోతే బాగా ఆడి అరిగిపోయిన టెన్నిస్ బంతి అయినా చాలు, కోసి లోపలి వైపు కూడా చూడండి. దాన్ని ఒక కొయ్యకు తగిలించి గాని, నేలమీద వేసి గాని పది నిమిషాలు చూడండి. తర్వాత ముట్టుకోండి. తడిపి చూడగలిగితే తడపండి, వస్తువు సొంతదారు ఒప్పుకుంటేనే. మడత ఎలా పడింది, అంచు ఎలా ఉంది, ఎక్కడ అరిగింది, ఎవరి వాడుక వల్ల అరిగింది, ఏ వాసన వస్తోంది అన్నవి గమనించి రెండు పేజీలకు మించకుండా రాయండి. ‘అందంగా’, ‘మెత్తగా’ అనే రెండు మాటలు వాడకండి. చూడకుండా ముట్టుకున్నప్పుడు తెలిసినది ఏమిటో, ముట్టుకోకుండా చూసినప్పుడు తెలిసినది ఏమిటో వేర్వేరు పేరాల్లో రాయండి. రాసినదాన్ని సంప్రదింపు తరగతికి తీసుకురండి, వీలైతే వస్తువును కూడా.